పోస్టు వేరు, డ్యూటీ వేరు: ఇంగ్లిష్ వాక్యంలో మాటల పని పట్టడం ఎలా?

తొమ్మిదో తరగతిలో ఒకరోజు బోర్డు మీద ఒక వాక్యం రాశాను. ‘ది లెవెల్ ఆఫ్ ఫ్లోరైడ్ ఇన్ ది వెల్స్ ఆఫ్ దీజ్ విలేజెస్ ____ హై.’ ఖాళీలో ‘ఈజ్’ రావాలా, ‘ఆర్’ రావాలా అని అడిగాను. మా బడి నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఉంటుంది. ఫ్లోరైడ్ అనే మాట ఇక్కడి పిల్లలకు సైన్స్ పుస్తకం చెప్పకముందే తెలుసు, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వంగిపోయిన నాయనమ్మల కాళ్లను చూసి తెలుసు. కాబట్టి ఆ వాక్యం అర్థం కానివాళ్లు ఎవరూ లేరు. అయినా క్లాసులో సగానికి పైగా ‘ఆర్’ అన్నారు.

‘ఎందుకు?’ అంటే, ముందు బెంచీ పిల్ల లేచి ‘విలేజెస్ ప్లూరల్ కద సార్’ అంది. ఆ పిల్లకు నౌన్ అంటే ఏమిటో తెలుసు. సింగ్యులర్, ప్లూరల్ తెలుసు. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదీ నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతుంది. తెలియనిదల్లా ఆ మాటల్లో ఏవి ఏవి ఒక జట్టు, ఆ జట్టుకు పెద్ద ఎవరు అన్నదే. మన బడుల్లో గ్రామర్ దగ్గర పిల్లలు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే అని నా నమ్మకం. ఒక్కొక్క మాటకు పేరు పెట్టడం నేర్పుతాం. మాటలు గుంపు కట్టే తీరు నేర్పం.

అదే వాక్యాన్ని తెలుగులో చెప్పమన్నాను. ‘ఈ ఊళ్ల బావుల్లోని ఫ్లోరైడ్ స్థాయి ఎక్కువగా ఉంది.’ ఒక్కరు కూడా ‘ఉన్నాయి’ అనలేదు. ఊళ్లు చాలా ఉన్నాయి, బావులు చాలా ఉన్నాయి, అయినా ఎవరూ తడబడలేదు. ఎందుకంటే తెలుగులో అసలు మాట ‘స్థాయి’ చివర్లో, క్రియను ఆనుకుని కూర్చుంటుంది. మిగతావన్నీ దాని ముందు వరసకట్టి నిలబడతాయి.

ఇప్పుడు రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో వరస: ఈ ఊళ్ల, బావుల్లోని, ఫ్లోరైడ్, స్థాయి. ఇంగ్లిష్‌లో వరస: ది లెవెల్, ఆఫ్ ఫ్లోరైడ్, ఇన్ ది వెల్స్, ఆఫ్ దీజ్ విలేజెస్. అద్దంలో చూసినట్టు సరిగ్గా తలకిందులు. మనం చివర పెట్టే పెద్దను వాళ్లు ముందే పెట్టేస్తారు. ఆ తర్వాత వివరాలు ఒకదాని వెనక ఒకటి తగిలిస్తూ పోతారు. అందుకే క్రియ వచ్చేసరికి పెద్ద దూరమైపోయి, ఎవరో విలేజెస్ అనే చుట్టం దగ్గరగా కనిపిస్తుంది. మన పిల్ల ఆ చుట్టాన్ని చూసి ‘ఆర్’ రాసింది. ‘లెవెల్’ ఒక్కటే కాబట్టి ‘ఈజ్’ రావాలి.

ఇలా ఒక పెద్ద మాట చుట్టూ చేరిన గుంపునే ఫ్రేజ్ అంటారు, తెలుగులో పదబంధం. అందులోని పెద్ద మాటను గ్రామర్ పుస్తకాలు హెడ్ అంటాయి. నేను క్లాసులో ఇంటిపెద్ద అంటాను. పెద్ద నౌన్ అయితే అది నౌన్ ఫ్రేజ్. ‘వెరీ హై’లో పెద్ద ‘హై’, అది అడ్జెక్టివ్, కాబట్టి అడ్జెక్టివ్ ఫ్రేజ్. ‘వెరీ స్లోలీ’లో పెద్ద అడ్వర్బ్, కాబట్టి అడ్వర్బ్ ఫ్రేజ్. ‘ఇన్ ది వెల్స్’ని నడిపించేది ‘ఇన్’, కాబట్టి ప్రెపొజిషన్ ఫ్రేజ్. దానికి సమానమైన ‘లో’ మన తెలుగులో మాట వెనక వస్తుంది, ఇంగ్లిష్‌లో ముందు వస్తుంది. అద్దం ఇక్కడా పనిచేస్తోంది.

పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదే ఎందుకు, తొమ్మిది ఎందుకు కావు అని పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. ఎనిమిది అనే లెక్క ఇంగ్లిష్‌ది కాదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో డయోనీసియస్ థ్రాక్స్ పేరున ఉన్న గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది భాషాభాగాలున్నాయి. అందులో అడ్జెక్టివ్‌కు వేరే గది లేదు, అది నౌన్‌లోనే కలిసి ఉండేది. క్రియ నుంచి పుట్టి విశేషణంలా నిలబడే పార్టిసిపుల్‌కు మాత్రం వేరే గది ఉండేది. తర్వాత లాటిన్ వాళ్లు తమ భాషలో ఆర్టికల్ (ఇంగ్లిష్ ‘ది’ లాంటిది) లేదు కాబట్టి దాన్ని తీసేసి, ‘అయ్యో’ లాంటి ఇంటర్జెక్షన్‌ని చేర్చి ఎనిమిది లెక్క నిలబెట్టారు. ఇంగ్లిష్ వ్యాకరణాలు లాటిన్ అచ్చులోనే మొదలయ్యాయి, 18వ శతాబ్దంలో గానీ అడ్జెక్టివ్‌కు సొంత స్థానం కుదరలేదు. మన తెలుగు వ్యాకరణంలో బడిలో చెప్పేవి ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. సంస్కృతంలో ‘నిరుక్తం’ రాసిన యాస్కుడు నాలుగే చెప్పాడు. భాషను బట్టి, చూసే చూపును బట్టి లెక్క మారుతుంది. కాబట్టి ‘ది’, ‘మై’, ‘దిస్’, ‘ఎవ్రీ’ లాంటివాటిని ఇప్పటి పుస్తకాలు డిటర్మినర్ అని వేరే పేరుతో పిలుస్తుంటే కంగారు పడాల్సిన పని లేదు.

ఆ పేరు పెట్టడానికి కారణం కూడా ఉంది. పాత పద్ధతిలో ‘మై’ని అడ్జెక్టివ్ అన్నారు. కానీ అడ్జెక్టివ్‌లు ఎన్నైనా వరసగా పెట్టొచ్చు: ‘ఎ బిగ్ ఓల్డ్ డీప్ వెల్’. ‘మై ది వెల్’ అని మాత్రం ఎవరూ అనరు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపినట్టు, నౌన్ ఫ్రేజ్ మొదట్లో ఒకే సీటు ఉంటుంది. ‘మై’ దస్తీ వేశాక ‘ది’కి చోటు లేదు.

ఇక అసలు చిక్కు. ‘వాటర్ ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్?’ అని ఎవరైనా అడిగితే, వాక్యం చూపించకుండా జవాబు చెప్పలేం. ‘ది వాటర్ ఈజ్ సాల్టీ’లో నౌన్. ‘వాటర్ ది ప్లాంట్స్’లో వెర్బ్. మరి ‘వాటర్ ట్యాంక్’లో? ట్యాంకు ఎలాంటిదో చెబుతోంది కాబట్టి అడ్జెక్టివ్ అని చాలామంది రాస్తారు. కొన్ని గైడ్లలో కూడా అలాగే ఉంటుంది. నేను ఒప్పుకోను.

నేను బడిలో టీచర్‌ని. ఎలక్షన్లు వస్తే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా పంపిస్తారు. ఆ రెండు రోజులు నా డ్యూటీ అది. నా పోస్టు మాత్రం టీచరే, సర్వీస్ బుక్‌లో అదే ఉంటుంది. మాటలకు కూడా పోస్టు ఒకటి, డ్యూటీ ఒకటి ఉంటాయి. ‘వాటర్ ట్యాంక్’లో వాటర్ పోస్టు నౌన్, డ్యూటీ మాత్రం పక్క నౌన్‌ను వివరించడం. పోస్టు మారిందో లేదో తేల్చుకునే పరీక్ష ఉంది. మామూలు అడ్జెక్టివ్ ముందు ‘వెరీ’ పెట్టొచ్చు: వెరీ బిగ్ ట్యాంక్. ‘వెరీ వాటర్ ట్యాంక్’ కుదరదు. అడ్జెక్టివ్‌ను ‘ఈజ్’ తర్వాత పెట్టొచ్చు: ది ట్యాంక్ ఈజ్ బిగ్. ‘ది ట్యాంక్ ఈజ్ వాటర్’ అంటే అర్థమే మారిపోతుంది. కాబట్టి అది డ్యూటీ మీద వచ్చిన నౌన్. అదే ‘వాటర్ ది ప్లాంట్స్’లో అయితే ‘షి వాటర్డ్ ది ప్లాంట్స్’ అని వెర్బ్‌లా ‘ఈడీ’ తగిలించుకుంటోంది. అక్కడ పోస్టే మారింది.

మన జిల్లా పేరే దీనికి మంచి ఉదాహరణ. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని తయారు చేశారు. దాన్ని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. ఆఫ్రికా దేశాల నీటి సమస్య మీద రాసే వ్యాసాల్లో కూడా మన ఊరి పేరు ఉంటుంది. అక్కడ ‘నల్గొండ’ పోస్టు ప్రాపర్ నౌన్, డ్యూటీ టెక్నిక్‌ను వివరించడం. గద్వాల శారీ, కొల్లాపూర్ మ్యాంగో, పాలమూరు లేబర్ అన్నీ ఇదే కోవ. తెలుగులో మనం ‘గద్వాల చీర’ అన్నట్టే వాళ్లూ నౌన్ పక్కన నౌన్ పెట్టేస్తారు. అయితే తెలుగులో చాలాసార్లు ఆ డ్యూటీకి ఒక గుర్తు ఉంటుంది. ‘నీళ్లు’ అనేది ట్యాంకు ముందు చేరగానే ‘నీళ్ల’ అవుతుంది. ఇంగ్లిష్ ఏ గుర్తూ పెట్టదు, చోటు చూసి మనమే గ్రహించాలి.

ఈ పోస్టు, డ్యూటీ తేడా ఫ్రేజ్‌లకూ ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలను బాగా టెన్షన్ పెట్టేది ఇదే. ‘ఆన్ సాగర్ రోడ్’ ఏ ఫ్రేజ్? ఒక పుస్తకం ప్రెపొజిషన్ ఫ్రేజ్ అంటుంది. ఇంకొకటి అడ్జెక్టివ్ ఫ్రేజ్ అంటుంది. మూడోది అడ్వర్బ్ ఫ్రేజ్ అంటుంది. మూడూ తప్పు కావు. ‘ది షాప్ ఆన్ సాగర్ రోడ్ ఈజ్ క్లోజ్డ్’లో అది ఏ షాపో చెబుతోంది, అంటే అడ్జెక్టివ్ డ్యూటీ. ‘హి లివ్స్ ఆన్ సాగర్ రోడ్’లో ఎక్కడ ఉంటాడో చెబుతోంది, అంటే అడ్వర్బ్ డ్యూటీ. పోస్టు మాత్రం రెండుచోట్లా ప్రెపొజిషన్ ఫ్రేజే. పాత బడి వ్యాకరణం ఫ్రేజ్‌కు డ్యూటీని బట్టి పేరు పెట్టింది. ఇప్పటి వ్యాకరణం పెద్దను బట్టి, అంటే పోస్టును బట్టి పేరు పెడుతుంది. ప్రశ్నలో నౌన్, అడ్జెక్టివ్, అడ్వర్బ్ ఫ్రేజ్‌లు మాత్రమే ఆప్షన్లుగా ఉంటే డ్యూటీని అడుగుతున్నారని అర్థం. అంతకుమించి అందులో రహస్యం లేదు.

ఇక్కడ మన అమ్మభాష చేసే సాయం చూడండి. ‘సాగర్ రోడ్డులోని షాపు మూసి ఉంది.’ ‘ఆయన సాగర్ రోడ్డులో ఉంటాడు.’ మొదటిదాంట్లో ‘లోని’, రెండోదాంట్లో ‘లో’. ఆ చిన్న ‘ని’ ఉందంటే పక్కన ఉన్న నామవాచకాన్ని వివరిస్తోందన్నమాట. ఇంగ్లిష్ దాచిపెట్టిన డ్యూటీని తెలుగు పైకే చెప్పేస్తుంది. గ్రామర్ క్లాసులో తెలుగు మాట్లాడకూడదని కొన్ని బడుల్లో పెట్టుకున్న నియమం నాకు బాధ కలిగిస్తుంది. చేతిలో ఉన్న టార్చిలైటు ఆర్పేసి చీకట్లో వెతకమన్నట్టు ఉంటుంది.

‘ఐఎన్‌జీ’ మాటలను తీసుకోండి. ‘రన్నింగ్ వాటర్’, ‘రన్నింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్’, ‘హి ఈజ్ రన్నింగ్’. మాట ఒకటే, స్పెల్లింగ్ ఒకటే. తెలుగులో చెబితే: పారే నీళ్లు, పరుగెత్తడం, పరుగెత్తుతున్నాడు. మూడు వేర్వేరు రూపాలు. మొదటిది విశేషణంలా నిలబడింది. రెండోది ‘డం’ చేరి నామవాచకంలా నిలబడింది, జెరండ్ అంటే అదే. మూడోది అచ్చమైన క్రియ. డెఫినిషన్ బట్టీ పట్టకుండానే పిల్లలు ఇది పట్టేస్తారు. ‘బిఫోర్’ కూడా అంతే. ‘బిఫోర్ బతుకమ్మ’ అంటే బతుకమ్మకు ముందు, తర్వాత నౌన్ ఉంది కాబట్టి ప్రెపొజిషన్. ‘బిఫోర్ ది బస్ కేమ్’ అంటే బస్సు రాకముందు, తర్వాత వాక్యం ఉంది కాబట్టి కంజంక్షన్. ‘ఐ హావ్ సీన్ హిమ్ బిఫోర్’ అంటే ఇంతకుముందు చూశాను, తర్వాత ఏమీ లేదు కాబట్టి అడ్వర్బ్.

అయితే తెలుగును గుడ్డిగా నమ్మితే దెబ్బతినే చోటు కూడా ఉంది. అడ్జెక్టివ్‌కు ‘ఐన’, అడ్వర్బ్‌కు ‘గా’ అని గుర్తు పెట్టుకోమని చెబుతాం. చాలావరకు నడుస్తుంది: అందమైన పాట, అందంగా పాడింది. కానీ మన మొదటి వాక్యానికి రండి. ‘స్థాయి ఎక్కువగా ఉంది.’ ఇక్కడ ‘గా’ ఉంది. దాన్ని నమ్మి ‘ది లెవెల్ ఈజ్ హైలీ’ అని రాసినవాళ్లు ఆరోజే ఇద్దరు ముగ్గురు తేలారు. అలాగే మామిడిపండు తియ్యగా ఉందంటాం కాబట్టి ‘ది మ్యాంగో టేస్ట్స్ స్వీట్లీ’ అని, బాగా అనిపించడం లేదంటాం కాబట్టి ‘ఐ ఫీల్ బ్యాడ్లీ’ అని రాస్తారు. తెలుగులో ‘గా’ రెండు పనులు చేస్తుంది. పని జరిగిన తీరు చెబుతుంది, మనిషి లేదా వస్తువు ఉన్న తీరు కూడా చెబుతుంది. రెండోదానికి ఇంగ్లిష్ అడ్జెక్టివ్‌నే వాడుతుంది. అనుమానం వస్తే ఆ వెర్బ్ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడండి. ‘ది మ్యాంగో ఈజ్ స్వీట్’ నిలబడింది, కాబట్టి అడ్జెక్టివే రావాలి. ‘హి డ్రైవ్స్ స్లోలీ’లో ‘ఈజ్’ పెడితే ‘హి ఈజ్ స్లోలీ’ నిలబడదు, అక్కడ అడ్వర్బే సరైనది.

ప్రొనౌన్ గురించి ఒక మాట చెప్పాలి. నౌన్‌కు బదులుగా వాడేది ప్రొనౌన్ అని మనమంతా చదువుకున్నాం. ఆ నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో చూడండి. ‘ది ఓల్డ్ వెల్ నియర్ అవర్ స్కూల్ ఈజ్ డ్రై.’ నౌన్ ‘వెల్’ తీసి ‘ఇట్’ పెడితే ‘ది ఓల్డ్ ఇట్ నియర్ అవర్ స్కూల్ ఈజ్ డ్రై’ అవుతుంది. అది భాషే కాదు. ‘ఇట్ ఈజ్ డ్రై’ అనాలి. అంటే ప్రొనౌన్ వచ్చేది ఒక్క నౌన్ స్థానంలో కాదు, మొత్తం నౌన్ ఫ్రేజ్ స్థానంలో. ఫ్రేజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి కొలత లేదు. ‘ఇట్’ ఎంతమేర మింగేస్తే వాక్యం సరిగ్గా మిగులుతుందో, ఆ మేర అంతా ఒక ఫ్రేజ్. ఫ్లోరైడ్ వాక్యంలో ‘ది లెవెల్’ నుంచి ‘విలేజెస్’ దాకా మొత్తం మింగి ‘ఇట్ ఈజ్ హై’ అవుతుంది. ‘ఇట్ ఆర్’ అని ఏ పిల్లా రాయదు. ‘ఈజ్, ఆర్’ గొడవ ఆ కొలతతోనే తేలిపోతుంది.

రెండర్థాల వాక్యాలను విప్పేది కూడా ఇదే కొలత. ‘ది ఓల్డ్ మ్యాన్ చేజ్డ్ ది బాయ్ విత్ ఎ స్టిక్.’ కర్ర ఎవరి చేతిలో ఉంది? ‘ది బాయ్ విత్ ఎ స్టిక్’ మొత్తాన్ని ‘హిమ్’ మింగితే కర్ర పిల్లాడిది. ‘ది బాయ్’ని మాత్రమే మింగి ‘చేజ్డ్ హిమ్ విత్ ఎ స్టిక్’ అయితే కర్ర ముసలాయనది. మాటలు అవే, వాటి పోస్టులు అవే, గుంపు కట్టిన తీరు మారింది. తెలుగులో ఈ చిక్కు రాదు: ‘కర్రతో తరిమాడు’ వేరు, ‘కర్ర పట్టుకున్న పిల్లాణ్ణి తరిమాడు’ వేరు.

‘ఆఫ్’ (రెండు ఎఫ్‌లది), ‘అప్’ లాంటి చిన్న మాటలు కూడా గుంపు మారుస్తుంటాయి. ‘హి టర్న్డ్ ఆఫ్ ది హైవే’ అంటే హైవే దిగి పక్కకు తిరిగాడు. ‘హి టర్న్డ్ ఆఫ్ ది మోటార్’ అంటే బోరు మోటార్ బంద్ చేశాడు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. మోటార్ వాక్యాన్ని ‘హి టర్న్డ్ ది మోటార్ ఆఫ్’ అని తిప్పి రాయొచ్చు. హైవే వాక్యాన్ని అలా తిప్పలేం. మొదటిదాంట్లో ‘ఆఫ్’ హైవేతో కలిసి ప్రెపొజిషన్ ఫ్రేజ్ కట్టింది. రెండోదాంట్లో ‘టర్న్’తో కలిసి ఒకే క్రియగా మారింది.

చివరిగా వెర్బ్ ఫ్రేజ్. దేవరకొండ వైపు రాకముందు నేను నారాయణపేట దగ్గర ఒక బడిలో పనిచేశాను. అక్కడ సగం ఇళ్లలో అమ్మానాన్నలు ముంబయికో, పుణేకో పనికి వెళ్లి ఉండేవాళ్లు. ‘హి మే హావ్ బీన్ వర్కింగ్ ఇన్ పుణే’ అనే వాక్యం దగ్గర క్లాసంతా ఆగిపోయింది. వరసగా నాలుగు వెర్బులు, ఏది దేనికో తెలియదు. అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయిని తెలుగులో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, ‘పుణేలో పనిచేస్తూ ఉండి ఉండవచ్చు’ అంది. ఆ మాటలను బోర్డు మీద ముక్కలుగా విడదీసి రాశాను: పనిచేస్తూ, ఉండి, ఉండ, వచ్చు. వాటి కింద ఇంగ్లిష్ ముక్కలను చివరి నుంచి మొదటికి రాసుకుంటూ వచ్చాను: వర్కింగ్, బీన్, హావ్, మే. ముక్కకు ముక్క సరిపోయింది. ఆ అమ్మాయి లేచొచ్చి నా చేతిలో చాక్‌పీస్ తీసుకుంది, ముందు ‘పుణేలో’ రాసి దాని కింద ‘ఇన్ పుణే’ రాసింది. ‘దీంట్ల గూడ ఉల్టానే సార్, లో ఎనకుంటే ఇన్ ముందున్నది’ అంది.